ఉల్లి లేని సర్వపిండి

కుక్కకు ఇంట్లోనే బిస్కెట్లు కాల్చి పెడదామనుకుంటే సిద్దిపేటలో కొత్తగా కొనాల్సిందేమీ ఉండదు. జొన్నపిండి డబ్బాలోనే ఉంటుంది. శివరాత్రికి ఉడకబెట్టుకునే కందగడ్డ, అదే ఆంధ్రవాళ్ల చిలగడదుంప, మార్కెట్లో దొరుకుతుంది. గుడ్లకు కరువు లేదు. అసలు పనంతా తీసి పక్కన పెట్టడంలో ఉంది. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, చింతపండు... మన తిండికి రుచి తెచ్చే సరుకేదీ ఈ పిండి దరిదాపులకు రాకూడదు. సర్వపిండికి అలవాటుపడ్డ చేతికి ఇది కొంచెం కష్టమే. ఉల్లికాడ, ఎల్లిపాయ, కారం, ఉప్పు లేని సర్వపిండిని ఇంట్లో ఎవరూ ముట్టరు. కుక్క మాత్రం గిన్నె నాకి మరీ తింటుంది. ఎందుకు తింటుందో, మనకు రుచైనది దానికి ఎక్కడ విషమవుతుందో ఈ పది పన్నెండేళ్లలో శాస్త్రానికి బాగా తేటపడింది.

మొదటి అనుమానం పిండి మీదే వస్తుంది. కుక్క తోడేలు జాతిది, దానికి మాంసం వేయాలిగానీ రొట్టె ఏమిటని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. గొర్రెల మంద వెంట తిరిగే కుక్కను చూసినవాళ్లకు ఈ అనుమానం రాదు. కాపరి సద్దిమూట విప్పితే అందులోంచి ఒక రొట్టెముక్క దానికీ పడుతుంది. ఇంటికొస్తే మిగిలిన గటక, ఇంత సల్ల. ఆ తిండి మీదే తరాలు గడిచాయి. సిద్దిపేట జిల్లాలోనే ఉన్న కొమురవెల్లి మల్లన్నను ఇంటిదేవుడిగా కొలిచేవాళ్లలో గొల్లకురుమలు ముందువరసలో ఉంటారు. ఆ మల్లన్ననే మరాఠీ నేల మీద ఖండోబా అంటారు. అక్కడి బొమ్మల్లో గుర్రం మీద దేవుడుంటే పక్కన కుక్క ఉంటుంది. మందను కాచే మనుషులకు కుక్క లేని దేవుడు ఎందుకు కావాలి?

ఈ రొట్టె తినే కుక్కకు జన్యు సాక్ష్యం 2013లో దొరికింది. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయంలో ఎరిక్ యాక్సెల్సన్ బృందం 12 తోడేళ్ల, 60 కుక్కల జన్యువులను పక్కపక్కన పెట్టి పోల్చి, తేడాలను 'నేచర్' పత్రికలో ప్రకటించింది. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ అనే ఎంజైమును తయారుచేయించే జన్యువుకు తోడేలులో రెండు ప్రతులే ఉన్నాయి. కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై ప్రతుల దాకా కనిపించింది. ప్రతులు పెరిగితే ఎంజైమూ పెరుగుతుంది. కుక్క రక్తంలో అమైలేజ్ చురుకు తోడేలు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువని తేలింది. మాల్టోజ్‌ను గ్లూకోజ్‌గా మార్చే జన్యువులోనూ, ఆ గ్లూకోజ్‌ను పేగు గోడ గుండా లోపలికి లాక్కునే జన్యువులోనూ మార్పులున్నాయి. మనిషి సేద్యం మొదలుపెట్టి గింజలు పోగేసిన చోట, ఆ ఎంగిలి అరిగించుకోగలిగిన కుక్కే బతికి పిల్లలు పెట్టిందన్నమాట.

ఒక్క తేడా మాత్రం మిగిలింది. మన నోట్లో లాలాజలంతోనే అమైలేజ్ పని మొదలవుతుంది. కుక్క లాలాజలంలో అది దాదాపు లేదు. నమలకుండా మింగేస్తుంది, పిండి పని అంతా చిన్నపేగులో క్లోమరసంతోనే జరగాలి. ఇంకో సంగతి, 2016లో వచ్చిన మరో పరిశోధన ప్రకారం అన్ని కుక్కలదీ ఒకే లెక్క కాదు. వ్యవసాయం పాతుకుపోయిన దేశాల కుక్కల్లో ఈ ప్రతులు ఎక్కువ. సేద్యం ఎరగని మంచుదేశాల హస్కీల్లో, ఆస్ట్రేలియా డింగోల్లో తక్కువ. హస్కీని తెచ్చి మే నెల ఎండల్లో సిద్దిపేటలో పెంచేవాళ్లకు దాని జొన్నరొట్టె అరుగుదల కంటే ముందు ఆలోచించాల్సినవి చాలా ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.

రొట్టెను కుక్క కోసమే చేయడం కూడా కొత్త కాదు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో సేద్యం గురించి రాసిన రోమన్ రచయిత కొలుమెల్లా, కాపలా కుక్కలకు బార్లీపిండిని విరిగిన పాల తేటతో కలిపి పెట్టమన్నాడు. మన గటక, సల్లకు అది దగ్గరి చుట్టమే. అంగట్లో అమ్మే కుక్క బిస్కెట్టు మాత్రం 1860 ప్రాంతంలో లండన్‌లో పుట్టింది. ఓహాయో నుంచి పిడుగు కడ్డీలు అమ్ముకుందామని వచ్చిన జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికన్, రేవులో నావికులు పారేసిన గట్టి బిస్కెట్లను కుక్కలు కొరుక్కు తినడం చూశాడని చెబుతారు. గోధుమపిండి, కూరగాయలు, బీట్‌రూట్, పశువుల రక్తం కలిపి కాల్చి అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన దగ్గర పనిచేసిన చార్లెస్ క్రఫ్ట్ 1891లో పెట్టిన కుక్కల ప్రదర్శన ఇప్పటికీ క్రఫ్ట్ పేరుతోనే నడుస్తోంది.

సరే, వంటింట్లోకి వద్దాం. గోధుమపిండిని చన్నీళ్లతో కలిపినా సాగుతుంది, దానిలో గ్లూటెన్ ఉంది కాబట్టి. జొన్నలో గ్లూటెన్ లేదు. అందుకే జొన్నరొట్టె చేసేవాళ్లు ఎసరు మరిగించి పిండిలో పోసి, గంటెతో తిప్పి, చెయ్యి పట్టేంత వేడి తగ్గాక మెదుపుతారు. ఇందులో ఉన్న రసాయనం సులువైనది. నీళ్లు సుమారు 70 డిగ్రీలు దాటితే పిండిరేణువు లోపలి బిగువు సడలుతుంది. నీరు పీల్చుకుని నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి, పక్కనున్న రేణువును అంటుకుంటుంది. ఆ జిగురే రొట్టెను పగలకుండా నిలుపుతుంది. కుక్క బిస్కెట్టుకు ఈ మెట్టు ఇంకా ముఖ్యం. పచ్చి పిండిరేణువును అమైలేజ్ తొందరగా కొరకలేదు. అరగని పిండి పెద్దపేగులోకి జారితే అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడతాయి. కడుపుబ్బరం, వాసన, పలచటి విరేచనం వస్తాయి. ఎసట్లో ఉబ్బి, పొయ్యి మీద ఉడికిన పిండి మాత్రం చిన్నపేగులోనే అరిగిపోతుంది.

జొన్నకు ఒక లోపం ఉంది. దాని మాంసకృత్తుల్లో పెద్దవాటా కాఫిరిన్‌ది. తడిలో ఉడికేకొద్దీ కాఫిరిన్ అణువులు ఒకదానికొకటి గట్టిగా ముడిపడి, అరుగుదలకు మొండికేస్తాయి. జొన్నను నమ్ముకుని కుక్కకు మాంసకృత్తులు అందించలేం. అందుకు గుడ్డు కలపాలి. గుడ్డు సొన వేడికి గడ్డకట్టి పిండిని పట్టి ఉంచుతుంది కూడా. కందగడ్డను తొక్కతో సహా ఉడికించి, తొక్క తీసి మెదపాలి. సన్నని సెగ మీద నిదానంగా ఉడికితే అందులో సహజంగా ఉండే అమైలేజ్ కొంత పిండిని మాల్టోజ్‌గా మారుస్తుంది, గడ్డ తియ్యబడుతుంది. తీపి రుచి కుక్కకు తెలుస్తుంది, పిల్లికి తెలియదు. బెల్లం అక్కర్లేకుండానే పని జరిగిపోయింది.

ఉప్పు ఎందుకు వద్దో కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మనకు ఒళ్లంతా చెమట పోస్తుంది, దాంతో ఉప్పూ పోతుంది. కుక్కకు చెమట పట్టేది పంజాల అడుగున మాత్రమే. ఒళ్లు చల్లబరచుకోవడానికి అది నాలుక చాచి రొప్పుతుంది, అలా పోయేది నీటి ఆవిరే. రోజూ తినే తిండిలోని ఉప్పు దానికి చాలు. రుచి కోసమంటారా, కుక్క నాలుక మీద రుచిమొగ్గలు సుమారు 1,700. మనకు 9,000 దాకా ఉంటాయి. నాలుక విషయంలో అది పేదదే. ముక్కులో మాత్రం ఇరవై కోట్లకు పైగా వాసన కణాలున్నాయి, మనకున్నవి యాభై అరవై లక్షలు. కాబట్టి కుక్క బిస్కెట్టును ముక్కు కోసం కాల్చాలి. మాంసకృత్తుల్లోని అమైనో ఆమ్లాలు, చక్కెరలు 140 డిగ్రీల వేడి దాటాక కలిసి ఎర్రబడి వందల రకాల వాసన పదార్థాలను పుట్టిస్తాయి. ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయార్ 1912లో వివరించిన ఈ చర్యే రొట్టె మీద మాడీమాడని మచ్చల కమ్మదనానికి కారణం. ఉడికించి మెదిపిన కోడి కార్జం రెండు చెంచాలు పిండిలో కలిపి చూడండి, పొయ్యి మీద పెట్టిన కాసేపటికే కుక్క వంటింటి గడప వదలదు. రెండు చెంచాలు చాలు. కార్జంలో విటమిన్ ఎ దండిగా ఉంటుంది, అది ఎక్కువైతే ఒంట్లోంచి పోదు, పేరుకుంటుంది.

ఇప్పటిదాకా చెప్పింది చాలామందికి అంతో ఇంతో తెలిసిందే. చింతపండు సంగతి అలా కాదు.

ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కల్లో కొన్నింటికి మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని అమెరికా పశువైద్యులు 1990ల చివర్లో గమనించారు. కారణం మాత్రం ఇరవై ఏళ్లు చిక్కలేదు. పురుగుమందేమో అనుకున్నారు, పెరటి ద్రాక్షతోనూ అదే జరిగింది. బూజేమో, లోహాలేమో అని వెతికారు, తేలలేదు. ఒక కుక్క గుత్తెడు తిని నిక్షేపంగా ఉంటే, మరొకటి నాలుగు పళ్లకే మంచాన పడింది. ముడి విప్పింది ద్రాక్ష కాదు, పిల్లలు బొమ్మలు చేసుకునే పిండిముద్ద. ఇంట్లో మైదా, ఉప్పుతో కలిపిన అలాంటి ముద్దను ఒక కుక్క మింగేసి, వాంతులు చేసుకుని, మూత్రపిండాలు పాడుచేసుకుంది. ఆ ముద్దలో క్రీమ్ ఆఫ్ టార్టార్ ఉంది. అది టార్టారిక్ ఆమ్లపు లవణం. ద్రాక్షలో పుష్కలంగా ఉండే ఆమ్లమూ టార్టారికే. జంతువుల విషప్రమాదాలకు సలహాలిచ్చే ఏఎస్‌పీసీఏ కేంద్రంలోని వైద్యులు ఈ రెండింటినీ కలిపి ఆలోచించి 2021లో అమెరికా పశువైద్య సంఘం పత్రికకు ఉత్తరం రాశారు. టార్టారిక్ ఆమ్లం మోతాదు పండు పండుకూ, పక్వానికీ మారుతుంది కాబట్టి ఒక కుక్కకు ఏమీ కాక మరొక కుక్కకు ప్రాణం మీదికి రావడమూ అర్థమైంది. 2022లో వాళ్ల తర్వాతి వ్యాసం వచ్చింది. అందులో క్రీమ్ ఆఫ్ టార్టార్ తిన్న కుక్కలతో పాటు చింతపండు తిన్న కుక్కలూ ఉన్నాయి. వాటికీ అదే గతి పట్టింది.

ప్రకృతిలో టార్టారిక్ ఆమ్లం ఇంత చిక్కగా దొరికే పండ్లు కొన్నే. ఆ కొన్నింటిలో చింతపండు ముందుంటుంది. గుజ్జు బరువులో పదో వంతు, ఒక్కోసారి అంతకు మించి ఆ ఆమ్లమే ఉంటుంది. మనకేమీ కాదు, కుక్కకే ఎందుకు? దీనికి 2023లో ప్రయోగశాల నుంచి ఒక జవాబు వచ్చింది. 1958లో మాడిన్, డార్బీ అనే ఇద్దరు ఒక కాకర్ స్పానియల్ కుక్క మూత్రపిండం నుంచి తీసిన కణాలను ప్రపంచమంతా ప్రయోగశాలల్లో నేటికీ పెంచుతున్నారు. ఆ కణాల మీద టార్టారిక్ ఆమ్లం పోస్తే చచ్చాయి. మనిషి మూత్రపిండ కణాలు బతికాయి. ఇలాంటి ఆమ్లాలను కణం లోంచి బయటికి తోసేసే ఒక రవాణా ప్రోటీను మనకుంది, కుక్క కణాలకు లేదు. మనిషి జన్యువును చొప్పించి ఆ ప్రోటీను తయారయ్యేలా చేస్తే కుక్క కణాలూ తట్టుకున్నాయి. విషం కొత్తగా రావడం కాదిక్కడ, లోపలికి చేరింది బయటికి పోయే దారి లేకపోవడం. పక్కమాట ఒకటి: టార్టారిక్ ఆమ్లపు లవణం స్ఫటికాలను 1848లో చిన్న పట్టకారుతో ఒక్కొక్కటిగా ఏరి, ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలైన రెండు రకాలున్నాయని చూపించినవాడు లూయీ పాశ్చర్. 1885లో పిచ్చికుక్క కాటుకు టీకా వేసిందీ ఆయనే. ఒకే మనిషి రెండు దిక్కుల నుంచీ కుక్క కథలోకి వచ్చాడు.

సద్దుల బతుకమ్మ నాడు సిద్దిపేటలో కోమటిచెరువు కట్ట మీద పంచుకునే సద్దుల్లో నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పెరుగన్నంతో పాటు చింతపండు పులిహోర ఉంటుంది. మర్నాడు మిగిలింది వీధి కుక్కలకు వేయడం పుణ్యమనుకుంటాం. "ఏమైతది బిడ్డా, ఎన్నేండ్ల సంది ఏస్తలేం" అని పెద్దవాళ్లు అంటే కొట్టిపారేయలేం. అన్నంలో కలిసిన పులుపు పలచన, తిన్న ప్రతి కుక్కకూ జబ్బు రాదు, వచ్చిన వీధి కుక్క ఏ మూలన ఎందుకు చనిపోయిందో ఎవరూ చూడరు. ఎంత తింటే ప్రమాదమో గీత గీయలేని చోట, ఇంట్లో ఏరికోరి చేసే బిస్కెట్టులో పులుపు వేయకపోవడమే తెలివి. పెరుగన్నం ఉంది కదా, అది వేయండి. చింతపండు ముద్దనో కిస్‌మిస్‌నో కుక్క తిని కొన్ని గంటల్లో వాంతి చేసుకుంటే ఆగి చూడొద్దు. ఒకటి రెండు రోజులకు మూత్రం తగ్గేసరికి మూత్రపిండాల్లో చాలా నష్టం జరిగి ఉంటుంది. ముందుగా సెలైన్ పెట్టించుకున్న కుక్కకే బతికే అవకాశం ఎక్కువ.

ఉల్లి సంగతి పాతదే, కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఉల్లిగడ్డ, ఉల్లికాడ, ఎల్లిగడ్డల్లోని గంధక సమ్మేళనాలు కుక్క ఎర్రరక్తకణాల్లోని హీమోగ్లోబిన్‌ను పాడుచేస్తాయి, కణాలు చిట్లుతాయి. కుక్క బరువులో కిలోకు 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చాలు రక్తంలో మార్పు కనబడటానికి. పది కిలోల కుక్కకు అది రెండు గడ్డలు. రోజూ కొంచెం కొంచెం పడ్డా నష్టం పోగవుతుంది. ఎండబెట్టినా కాల్చినా ఆ గుణం పోదు. చాక్లెట్లోని థియోబ్రోమిన్ కుక్క ఒంట్లో సగం తగ్గడానికే పదిహేడు గంటలు పడుతుంది, కోకో పొడి అన్నిటికంటే ఘాటు. అన్నిటికంటే వేగమైన విషం మాత్రం షుగర్ వ్యాధి ఉన్నవాళ్ల కోసం ఇంటికొచ్చే జైలిటాల్ అనే తీపి పదార్థం. కుక్క క్లోమం దాన్ని గ్లూకోజ్ అనుకుని ఇన్సులిన్ కుమ్మరిస్తుంది, అరగంటలో రక్తంలో చక్కెర పడిపోతుంది. కిలో బరువుకు 0.1 గ్రాము చాలు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో, కొన్ని రకాల పీనట్ బటర్‌లో అది ఉంటుంది. బిస్కెట్టులో పీనట్ బటర్ కలపాలని వంటల వీడియోలన్నీ చెబుతాయి. సిద్దిపేటలో పల్లీలు వేయించి పొట్టు తీసి దంచుకోవడమే సుఖం, సీసా మీద సన్నక్షరాలు చదవాల్సిన పని ఉండదు.

పల్లీల మాట వచ్చింది కాబట్టి మక్కల మాట కూడా రావాలి. ఈ జిల్లాలో మక్క విరివిగా పండుతుంది. వానాకాలం పంట కోతకొచ్చే రోజుల్లో ఆఖరి వానలూ పడుతుంటాయి. రోడ్ల మీద, మార్కెట్ యార్డుల్లో ఆరబోసిన గింజ తడిసి, పట్టా కింద ఉడుకుతుంది. ఆ తేమలో ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే పచ్చటి బూజు పెరిగి అఫ్లాటాక్సిన్‌ను వదులుతుంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, దాణాలోని పల్లీచెక్కలో మొదటిసారి ఈ విషాన్ని పట్టుకున్నారు. కుక్క కాలేయం దీనికి మరీ సున్నితం. అమెరికాలో 2020 చివర, 2021 మొదట ఒక తయారీ దాణా తిని 110కి పైగా కుక్కలు చనిపోయాయని అక్కడి ఆహార, ఔషధ సంస్థ ప్రకటించింది. ఆ దాణాలోనూ అఫ్లాటాక్సినే. అక్కడ పెంపుడు జంతువుల మేతకు పెట్టిన హద్దు కిలోకు 20 మైక్రోగ్రాములు, కంటికి కనబడని మోతాదు. పొయ్యి వేడికి ఈ విషం విరగదు. అందుకు 250 డిగ్రీలు దాటాలి, అంతలోపు బిస్కెట్టు బొగ్గవుతుంది. పాత ఉమ్మడి మెదక్ జిల్లాలోనే, పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ సంస్థ పల్లీల్లో ఈ విషాన్ని చవకగా పసిగట్టే పరీక్షను రూపొందించింది. అది ఇంట్లో చేసుకునేది కాదు. ఇంట్లో చేయగలిగింది ఏరడమే: ముడతలు పడ్డ పల్లీ, చేదు తగిలిన పల్లీ, రంగు మారిన మక్క పారేయాలి. "మనకు పనికిరాదు, కుక్కకేద్దాం" అని పక్కన పెట్టే గింజే కుక్కకు అన్నిటికంటే చెడ్డది. కోళ్లకూ వేయొద్దు.

ఇక కొలతలు. జొన్నపిండి 200 గ్రాములు, మెదిపిన కందగడ్డ 150, ఒక గుడ్డు, కార్జం ఉంటే రెండు చెంచాలు. పిండిలో ముందు మరిగే నీళ్లు కొద్దికొద్దిగా పోసి, గోరువెచ్చబడ్డాక మిగతావి కలపాలి. వేడి పిండిలో గుడ్డు కొడితే అక్కడికక్కడే ఉడికి పలుకులవుతుంది. ముద్దను వేలితో నొక్కితే అంచు పగలకుండా గుంట పడాలి. సోడా, బేకింగ్ పౌడరు అక్కర్లేదు, ఇది పొంగాల్సిన పని లేదు. సకినం మందాన ఒత్తి, చాకుతో గీసి అరవై ముక్కలు చేస్తే ఒక్కోటి ఎనిమిది గ్రాముల పైచిలుకు ఉంటుంది. ఓవెన్ ఉంటే 160 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి. లేకపోతే మందపాటి గిన్నె అడుగున ఇసుక పరిచి, స్టాండు మీద పళ్లెం పెట్టి, మూతేసి సన్నని సెగ పెట్టాలి. కాలడంతో పని అయిపోదు. రస్కులాగా సెగ బాగా తగ్గించి ఇంకో గంట ఆరబెట్టాలి. ఎనిమిది గ్రాముల ముక్క దాదాపు సగం బరువుకు దిగి, విరిస్తే టప్పుమనాలి. వంగి విరిగిందంటే లోపల తడి ఉంది, ఆ తడిలోనే బూజు పుడుతుంది. బాగా ఆరిన బిస్కెట్టు మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో రెండు వారాలుంటుంది. వానాకాలంలో గాలి తేమనే పీల్చుకుంటుంది, వారానికి సరిపడానే చేసుకోండి. కార్జం కలిపినవి మాత్రం ఫ్రిజ్‌లోనే పెట్టాలి.

జొన్న, గడ్డ, గుడ్డు కలిపి మొత్తం 900 కేలరీల దాకా అవుతుంది, బిస్కెట్టుకు పదిహేను. కుక్క రోజుకు తినే కేలరీల్లో చిరుతిండి పదో వంతు దాటకూడదని పశువైద్యుల లెక్క. బిస్కెట్లలో కాల్షియం తక్కువ, ఫాస్ఫరస్ ఎక్కువ. వాటితోనే కడుపు నింపితే ఎముకలు, ముఖ్యంగా కూనల ఎముకలు దెబ్బతింటాయి. మామూలుగా తిరిగే పది కిలోల కుక్కకు రోజుకు 630 కేలరీలు కావాలి. అందులో పదో వంతు అంటే నాలుగు బిస్కెట్లు. ఇంట్లో నలుగురుంటే తలా ఒకటి అన్నమాట. కానీ పొద్దున నానమ్మ పెట్టింది తాతకు తెలియదు, తాత పెట్టింది బడి నుంచి వచ్చిన పిల్లలకు తెలియదు, కుక్క ఎవరికీ చెప్పదు. పొద్దున్నే నాలుగు లెక్కపెట్టి ఒక చిన్న గిన్నెలో వేసి, పెద్ద డబ్బాను పై అల్మారాలో పెట్టేయండి.